ఆరింటికి ఇల్లు చేరే డాక్టరు

మా అమ్మాయి డాక్టరు చదువు ముగించి, ఇక ఏ శాఖలో పైచదువుకు వెళ్ళాలా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతున్న ఆ వేసవిలో, నేను నా తోటికోడలి సాయంత్రాలను చూసి లోలోపల కుళ్ళుకుంటూ ఉన్నాను.

ఆమె భర్త, మా మరిది, చర్మవ్యాధుల డాక్టరు. సాయంత్రం ఆరయ్యేసరికి క్లినిక్ తలుపు వేసి ఇంటికి వచ్చేస్తాడు. కాళ్ళు కడుక్కుని, ఒక పాత చొక్కా తగిలించుకుని, బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తాడు. ఆ నీళ్ళు కింది ఇంటివాళ్ళ బట్టల మీద పడతాయి. వాళ్ళు అరుస్తారు. ఇతను రోజూ "సారీ అండీ, రేపటి నుంచి చూసి పోస్తాను" అంటాడు. ఆ అరుపులు కూడా నాకు అపురూపంగా ఉండేవి. వాటిని పడటానికైనా ఆ వేళకు ఇంట్లో మగమనిషి ఉండాలి కదా.

నా భర్త సర్జను. అన్నదమ్ములిద్దరూ ఒకే కాలేజీలో చదివారు. "నేను చర్మం దగ్గరే ఆగిపోయాను. మా అన్న కోసుకుంటూ లోపలికి వెళ్ళాడు, ఇంకా బయటికి రాలేదు" అని మా మరిది నలుగురిలో నవ్వించేవాడు. అన్న పోయాక ఆ మాట అనడం మానేశాడు.

ఆయన చలికాలంలో పోయారు. ఇంట్లో కాదు. ఆపరేషన్‌కు ముందు చేతులు కడుక్కుంటూ కుళాయి దగ్గరే కూలిపోయారని చెప్పారు. చెప్పినవాళ్ళు ఆ పక్కనే నిలబడి ఉన్నవాళ్ళు. నేను ఆ వేళకు ఐదో తరగతి పిల్లలకు భిన్నాలు చెబుతున్నాను.

మా ఇంట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఆయన ఇంటికి రాగానే ఫోను తీసి ఆ ఖాళీ గ్లాసులో నిలబెట్టడం అలవాటు చేసుకున్నారు. అలా పెడితే మోగినప్పుడు గ్లాసంతా అదిరి, స్నానాల గదిలో ఉన్నా వినపడేది. ఆ గ్లాసుతో ఇంట్లో ఎవరమూ నీళ్ళు తాగేవాళ్ళం కాదు. భోజనాల బల్ల మీద నాకూ ఆయనకూ మధ్య అది ఉండేది. "నా సవతి ఏడుస్తోంది, ఎత్తుకోండి" అనేదాన్ని నేను, అది మోగినప్పుడల్లా. మొదట్లో నవ్వుతూనే అనేదాన్ని.

ఆయన పోయాక కూడా నా ఫోను అందులోనే పెడుతున్నాను. నాకు ఎవరు చేస్తారు? అయినా పెడుతున్నాను.

పీజీ పరీక్షలో ర్యాంకు వచ్చిన రోజున తోటికోడలు గుమ్మంలో చెప్పులు విడవడం కూడా మరిచిపోయి లోపలికి వచ్చేసింది.

"ఏదీ మా బంగారం? ఏదీ మా స్కిన్ డాక్టరమ్మ?"

"ఇంకా ఏమీ కాలేదు పిన్నీ. ర్యాంకే వచ్చింది."

"ఈ ర్యాంకుకి స్కిన్ కాక ఇంకేం తీసుకుంటావే? ఆ సీటు కోసం జనం కొట్టుకు చస్తున్నారు. మీ బాబాయ్ అప్పుడే క్లినిక్‌లో నీ కుర్చీ ఎక్కడ వెయ్యాలా అని టేపు పట్టుకుని తిరుగుతున్నాడు."

"అందులో బాబాయ్ కుర్చీయే సరిగ్గా పట్టదు కదా!"

"ఆయన లేస్తాడు, నువ్వు కూర్చుంటావు. దానికి టేపెందుకయ్యా అంటే వినడు." అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వేం మాట్లాడవేమక్కా? వేళకాని వేళ ఫోన్లుండవు, రక్తం ఉండదు, ఏడుపులుండవు. మొటిమలతో ఎవరూ చావరు. రేపు దీనికి పెళ్ళయితే మొగుడి మొహం వెలుతుర్లో చూసుకుంటుంది."

ఆ చివరి మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు. ఆమెకు అన్ని తెలివితేటలు లేవు, మనసులో ఉన్నది నోట్లోకి వచ్చేస్తుంది. అయినా తగలవలసిన చోట తగిలింది.

"మంచిదే" అన్నాను.

నా కోరికా అదే. పెళ్ళయిన నాటి నుంచి నేను కోరుకున్న బతుకే నా కూతురికి వస్తానంటోంది. కానీ అది ఆమె చేతుల మీదుగా రావడం, రేపటి నుంచి నా కూతురు సాయంత్రాలు ఆ ఇంట్లో ఆ బాల్కనీలో నవ్వడం, అది నాకు మింగుడు పడలేదు. ఆమెకు ఆమె భర్త ఉన్నాడు. నాకు ఉన్న ఒక్కదాన్నీ కుర్చీ వేసి మరీ పిలుచుకుంటోంది.

ఆ ఆదివారం వాళ్ళింట్లో భోజనం. మేం వెళ్ళేసరికి భార్యాభర్తలు రిమోట్ కోసం పోట్లాడుకుంటున్నారు. పంచాయితీ మా అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పవే. పొద్దున్నుంచి వార్తలే. పొద్దున చచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చస్తున్నారు."

"ఈవిడ సీరియల్లో మాత్రం చచ్చినవాళ్ళు తిరిగొస్తున్నారమ్మా. ఏది నయం?"

అన్నాక మా మరిది నాలిక కరుచుకున్నాడు. నావైపు చూడకుండా బాల్కనీలోకి వెళ్ళి మొక్కల మీద పడ్డాడు. మా అమ్మాయి లేచి వెనకే వెళ్ళింది. కాసేపటికి కింది ఇంటి నుంచి అరుపు, ఇతని "సారీ అండీ", వెంటనే మా అమ్మాయి నవ్వు. చలికాలం తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. మా ఇంట్లో నవ్వలేదు. అక్కడ నవ్వింది.

వంటింట్లో తోటికోడలు గిన్నెలు తుడుస్తూ అంది: "మగాడు ఇంట్లో ఉంటే ఏముందిలే అక్కా. నోరు తెరిస్తే వార్తలు, మూస్తే మొక్కలు. నేను మాట్లాడటం మొదలెడితే టీవీ గొంతు పెంచుతాడు."

కడుపు నిండిన మాటలు అనుకున్నాను. గిన్నె అందుకుని నేనూ తుడవసాగాను. అది అప్పటికే తుడిచిన గిన్నె.

ఏ శాఖ కావాలో కంప్యూటర్లో ఆప్షన్లు పెట్టడానికి గడువు దగ్గర పడుతోంది. మా అమ్మాయి దాన్ని తెరుస్తుంది, మూస్తుంది. ఒక మధ్యాహ్నం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. గ్లాసును పక్కకు జరిపింది. మళ్ళీ ఉన్నచోటే పెట్టింది.

"అమ్మా, స్కిన్ వద్దంటే ఏమంటావ్?"

"మరేం కావాలి?"

"నాకు ఆపరేషన్ థియేటర్ ఇష్టం."

నా చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. "ఎందుకు?"

"హౌస్ సర్జన్‌గా నాన్న దగ్గర పడ్డాను కదా కొన్నాళ్ళు. అక్కడి నాన్న వేరమ్మా. నేను బయట చేతులు కడుక్కుంటూ వినేదాన్ని. లోపల ఒకటే నవ్వులు. సిస్టర్లు 'ఆపండి సార్, దారం చేతిలో ఉంది' అని బతిమాలేవాళ్ళు. నేను లోపలికి వెళ్తే మాత్రం టక్కున ఆపేసేవాడు. 'మా అమ్మాయి వచ్చింది, ఇక అందరూ బుద్ధిగా ఉండాలి' అనేవాడు."

"అంతలా నవ్వడానికి ఏం చెప్పేవారు?"

"ఏమో. నాకు వినపడనిస్తేగా."

మా ఇంట్లో ఆయన చిరునవ్వు దాకా వచ్చి ఆగిపోయేవారు. తల వంచుకుని తినేవారు. నేను స్కూలు కబుర్లు చెబుతుంటే "ఊ" అనేవారు, అదీ ఒక్కోసారి నా మాట అయిపోయాక. అలసిపోయారనుకునేదాన్ని. అలసట మాది, నవ్వు వాళ్ళది. పగలంతా ఎక్కడో ఖర్చయిపోయి, మిగిలిన మనిషి ఇంటికి వచ్చేవారు. చివరికి కూలిపోయినప్పుడు కూడా పట్టుకున్న చేతులు వాళ్ళవే. ఇప్పుడు నా కూతురు అక్కడికే వెళతానంటోంది.

"స్కిన్ తీసుకో" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

"నా కోసం అంటున్నావా అమ్మా, నాన్న మీద కోపంతో అంటున్నావా?"

ఎవరో పిల్లవాడి తప్పు లెక్కకు పూర్తి మార్కులు వేసి, చూసుకుని, కొట్టేశాను.

తర్వాతి వారం ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. గ్లాసు అదిరేసరికి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. థియేటర్ సిస్టర్. లాకర్లో సార్ సామాను కొంత ఉండిపోయిందట, తాళం ఇప్పుడు పగలగొట్టించారట, వీలు చూసుకుని రమ్మంది.

ఆ సిస్టర్ గొంతు నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. అన్నం ముందు నుంచి ఆయన్ను లేపుకుపోయే ఆ గొంతుకు నేను ఒక మొహం ఊహించుకుని పెట్టుకున్నాను. చురుకైన కళ్ళు, సన్నటి నడుము. తీరా చూస్తే లావుపాటి మనిషి. రిటైర్మెంటుకు దగ్గరపడింది. కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుంది. మోకాళ్ళ నొప్పితో ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తోంది. ఇన్నేళ్ళ అసూయ కాస్తా అవమానపడినట్టయింది నాకు.

థియేటర్ బయటి గదిలో బల్ల మీద సామాను పెట్టి ఉంది. థియేటర్లో వేసుకునే చెప్పులు, ఒక మడమ ఎక్కువ అరిగింది. రెండు గుడ్డ టోపీలు, ఉతికి మడత పెట్టినవి. ఒక చక్కెర డబ్బా.

"ఇది ఆయనది కాదు" అన్నాను.

"సార్‌దే మేడం. టీలో రెండు చెంచాలు పడాల్సిందే."

"ఇంట్లో నేను చక్కెర మాన్పించి పదేళ్ళయింది."

ఆమె మొహం ఒక్కసారిగా పాలిపోయింది. పరీక్షలో కాపీ కొడుతూ నాకు దొరికిపోయినట్టు. "నాకు తెలీదు మేడం" అని డబ్బాను వెనక్కి లాక్కుంది. కూర్చోమని బెంచీ చూపించి, తనూ కూర్చుంది. ఎదురుగా గోడకు పొడవైన స్టీలు తొట్టి, దాని మీద వరసగా కుళాయిలు. మోచేత్తో తిప్పేవి. నేను వాటివైపు చూడకుండా చెప్పులు సంచిలో సర్దుతున్నాను.

"మేడం, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోరు కదా?"

"అడగండి."

"గడియారం ఏమంది?"

నాకు అర్థం కాలేదు. "ఏ గడియారం?"

"మీ క్లాసులో పాప మేడం. రోజూ ఆలస్యంగా వచ్చేది. పిల్లలు గడియారం అని పేరు పెట్టారే."

నేను ఆమె మొహంలోకి చూశాను. "ఆ పిల్ల మీకెలా తెలుసు?"

"భలేవారే! మీ క్లాసు మొత్తం తెలుసు మాకు. గడియారం తెలుసు, చాడీల రాణి తెలుసు, ఎక్కం మరిచిపోతే కడుపు నొప్పి వచ్చేవాడు తెలుసు. సార్ రోజూ అదేగా చెప్పేది. మీ గొంతు కూడా పెట్టేవారు. 'కడుపులో నొప్పి ఏడో ఎక్కం దగ్గరా, ఎనిమిదో ఎక్కం దగ్గరా నాయనా?'" ఆమె గొంతు సన్నం చేసి, మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి అంది. అది నేనే. నేను అలాగే మాట్లాడతాను.

"ఆ రోజు కూడా అదే చెబుతున్నారు" అంది. చేత్తో చివరి కుళాయి వైపు చూపించింది. "చేతులు కడుక్కుంటూ. 'స్కూలు గేటు తాళం ఇంకా తియ్యలేదట. గడియారం మెట్టు మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చుందట. మా ఆవిడ వెళ్ళి, ఏమ్మా, ఇవాళ సూర్యుణ్ణి నువ్వే లేపావా అని అడిగిందట. దానికది ఏమందో తెలుసా...' అన్నారు. మేమంతా సబ్బు చేతులతో నిలబడి చూస్తున్నాం. అంతే మేడం. అంతే."

ఎవరో లోపల స్టీలు పళ్ళెం పెట్టిన చప్పుడైంది.

"ఎవర్ని అడగాలో తెలీదు. మిమ్మల్ని ఎలా అడుగుతాం? కుళాయి తిప్పినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఆ పిల్ల ఏమంది?"

నేను సంచి పక్కన పెట్టాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. "'ఇన్నాళ్ళూ ఆలస్యంగా వచ్చిందంతా కలిపి ఇవాళ ఒక్కసారే ఇచ్చేద్దామని వచ్చాను టీచర్. ఇక మీకూ నాకూ సరి' అంది."

సిస్టర్ ముందు నవ్వింది. పొట్ట ఊగేలా నవ్వింది. ఆ తర్వాత కళ్ళజోడు తీసి, ఏదో నలక పడ్డట్టు కళ్ళు తుడుచుకుని, తలుపు తోసి లోపలికి కేకేసింది. "ఒసేయ్, రండే! గడియారం సంగతి తెలిసింది!"

ఆకుపచ్చ బట్టల్లో నలుగురైదుగురు వచ్చారు. ఆమె మొదటి నుంచీ చెప్పింది, నా గొంతు పెట్టి, నా ముందే. వాళ్ళు గోడకు ఆనుకుని నవ్వారు. ఆ గదిలో ఇన్నేళ్ళూ ఎలా నవ్వేవారో అప్పుడు విన్నాను.

ఆ మాట ఇంట్లో చెప్పిన పూట నాకు బాగా గుర్తుంది. ఆయన నవ్వలేదు. చెయ్యి ప్లేటులోనే ఆపి, కాసేపు నావైపు చూసి, "అలా ఇవ్వడం కుదురుతుందంటావా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు గ్లాసు అదిరింది.

"సార్ నవ్వు అచ్చం మీ అమ్మాయి నవ్వే మేడం" అంది సిస్టర్, గుమ్మం దాకా సాగనంపుతూ. "చివర్లో ఒక ఎక్కిలి లాగా వచ్చేది చూడండి, అది కూడా."

దారంతా సంచి గుండెకు ఆనించుకుని నడిచాను. ఎండ మండిపోతోంది. ఆయన విన్నారు. ప్రతి మాటా విన్నారు. అది తెలిస్తే చల్లబడాలి కదా మనిషి. నేను చల్లబడలేదు. నా మాటలకు వచ్చిన నవ్వు నాకు కదా రావాలి? నా బల్ల దగ్గర నవ్వడానికి ఆయనకు ఓపిక మిగల్లేదు. అంతకుముందు వాళ్ళ దగ్గర ఆయన ఉన్నారని అసూయ పడ్డాను. ఇప్పుడు ఆయన మాటల్లో నేను కూడా అక్కడే ఉండేదాన్నని తెలిసి, అక్కడి నా మీద కూడా అసూయ పడ్డాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. చెప్పుల జత తీసి గోడ పక్కన పెట్టాను. అరిగిన మడమ కేసి చూస్తూ ఉండిపోయింది. నేను గడియారం సంగతంతా చెప్పాను. చివరికి వచ్చేసరికి తను మొహం తిప్పుకుంది.

"థియేటర్‌కే వెళ్ళు" అన్నాను. "నేనేం అడ్డుపడను. ఒక్కటే అడుగుతాను. అందులో ఇంటికి తిరిగి రావడానికి దారి ఉన్న శాఖ ఏదైనా ఉందా?"

తను కుర్చీ నావైపు తిప్పింది. "ఉందమ్మా. అనస్థీషియా."

"మత్తు డాక్టరా?"

"నీకు చిన్నతనంగా ఉంటుందేమోనని చెప్పలేదు. సర్జన్ గారి కూతురు సర్జన్ కాలేదు, పోనీ స్కిన్ కూడా కాలేదు అంటారు కదా."

"అనేవాళ్ళను అననీ. అందులో ఏముందో చెప్పు."

"నాన్న కోసేవాడు కదా. ఆ పేషెంటు తలవైపు కూర్చుంటాను. ఊపిరి నాది, గుండె నాది, లేపే బాధ్యత నాది. డ్యూటీ అయితే ఇంకొకరికి అప్పజెప్పి వచ్చేస్తాను. పేషెంటు నిద్రపోతుంటాడు కాబట్టి నా పేరు కూడా తెలీదు, ఇంటికి ఫోన్ చెయ్యడు."

"మరి రాత్రిళ్ళు?"

"ఉంటాయమ్మా, అబద్ధం ఎందుకు? కానీ ఏ రాత్రో ముందే తెలుస్తుంది. చెప్పి వెళ్తాను, చెప్పిన వేళకి వస్తాను. చాలదా?"

చాలదా అని నన్ను అంతవరకూ అడిగినవాళ్ళు లేరు. చాలుతుందో లేదో నేనూ ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

"పెట్టు" అన్నాను. మొదటి ఆప్షన్‌గా పెట్టింది.

సంగతి విని తోటికోడలు పరుగున వచ్చింది. "మత్తేంటే? మీ బాబాయ్‌కి ఎవరిచ్చారు మత్తు, టీవీ ముందు కూర్చుంటే చాలు, గురక! దానికి ఇంత చదువా?" అని కాసేపు ఆడిపోసుకుంది. టేపు పట్టుకున్న మనిషి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదని చెప్పింది. అమ్మాయి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాక నా పక్కకు జరిగి కూర్చుంది.

"అక్కా, నువ్వు చెప్పిన కబుర్లన్నీ బావగారు థియేటర్లో చెప్పేవారట కదా. అమ్మాయి అంది."

"అవునట."

పైట చెంగు వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. "మా ఆయన కళ్ళ ముందే ఉంటాడు. పొద్దున నేను చెప్పింది సాయంత్రానికి అడుగు, ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు."

ఆ వేసవంతా నేను ఆమెను చూసి కుళ్ళుకున్నాను. అదే ఇప్పుడు ఆమె కళ్ళలో కనిపించింది. జాలిపడాలి. పడ్డాను కూడా. కానీ దానికంటే ముందు, ఒక్క క్షణం, నాకు సంతోషం కలిగింది. ఆమె టీలో నేనే చక్కెర కలిపి ఇచ్చాను, రెండు చెంచాలు.

సీటు వచ్చింది. చేరే వేళకు వానలు మొదలయ్యాయి. మా స్కూలు కూడా తెరిచారు. గడియారం ఆరో తరగతికి వెళ్ళిపోయింది, పై అంతస్తుకు. కానీ రోజూ ఆలస్యంగానే వచ్చి, మెట్లెక్కే ముందు నా గుమ్మంలో ఒకసారి నిలబడి వెళుతోంది.

అమ్మాయి మొదటి డ్యూటీకి వెళ్ళిన రోజు "ఎనిమిదికి వస్తాను" అంది. నేను ఏడు నుంచే కిటికీ దగ్గర ఉన్నాను. ఆ కిటికీ దగ్గర ఎదురుచూడటం నాకు చాలా అలవాటు. ఎనిమిది ఇంకా కాకముందే గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కింది. సంచి కుర్చీకి తగిలించింది. ఫోను అందులోంచి తీయలేదు.

"నీళ్ళమ్మా. గొంతెండిపోయింది."

కడిగిన గ్లాసులు వంటింట్లో ఉన్నాయి. బల్ల మీద ఉన్న స్టీలు గ్లాసులోంచి నా ఫోను తీసి పక్కన పెట్టాను. గ్లాసు కడిగి నీళ్ళు పోసి ఇచ్చాను. తను దాన్ని చూసింది, నన్ను చూసింది. అందుకుంది.

"ఏంటి సంగతులు మీ క్లాసులో?" అని అడిగింది.

కొత్తగా చేరిన పిల్లవాడొకడు, పేరు పిలిస్తే హాజరు పలకడు. ఎందుకురా అంటే, "నేను వచ్చిన సంగతి నాకు తెలుసు టీచర్, మీకూ కనబడుతున్నాను, మళ్ళీ చెప్పడం ఎందుకు?" అన్నాడు. అది చెప్పాను.

నోటి నిండా నీళ్ళతో మా అమ్మాయి నవ్వింది. నీళ్ళు బల్ల మీదంతా చిమ్మాయి. దగ్గుతూ, తల పైకెత్తి, మళ్ళీ నవ్వింది. చివర్లో ఎక్కిలి లాంటిది వచ్చింది.

వాళ్ళు అన్నేళ్ళూ విన్నది ఇదే కాబోలు.

"ఇంకో గ్లాసు పొయ్యమ్మా" అంది, మొహం తుడుచుకుంటూ.

పోశాను.